మెట్లెక్కించిన చీటీ

1893 షికాగో ప్రపంచ ప్రదర్శన అనగానే మనకు వివేకానందుడే గుర్తొస్తాడు. ఆయన మాట్లాడిన సర్వమత మహాసభ ఆ ప్రదర్శనకు అనుబంధంగా జరిగిందే. అదే ప్రదర్శనకు పిట్స్‌బర్గ్ నుంచి హెన్రీ హైన్జ్ అనే వ్యాపారి తన ఊరగాయ సీసాలతో వచ్చాడు. అతనికి దొరికిన చోటు వ్యవసాయ భవనంలో, పై అంతస్తులో. కింది హాలు తిరిగేసరికే జనానికి కాళ్లు పీకేవి. అంత తిరిగాక మెట్లెక్కి ఊరగాయలు చూడాలని ఎవరికుంటుంది? పైన స్టాళ్లున్నవాళ్లంతా ఖాళీగా కూర్చున్నారు.

హైన్జ్ చిన్న చిన్న చీటీలు అచ్చువేయించి మైదానమంతా పంచాడు. ఆ చీటీ తెచ్చి తన స్టాల్లో చూపిస్తే ఒక కానుక ఉచితమని దాని మీద రాయించాడు. కానుక పెద్దదేం కాదు, బొటనవేలంత పొడవు కూడా లేని ఆకుపచ్చ దోసకాయ బొమ్మ. మీద అతని పేరు. గొలుసుకు తగిలించుకోవచ్చు. జనం మెట్ల మీద విరగబడ్డారు. ఆ బరువు తట్టుకోవడానికి పై అంతస్తు నేలను గట్టిపరచాల్సి వచ్చింది. ప్రదర్శన ముగిసేసరికి 10 లక్షలకు పైగా బొమ్మలు పంచినట్టు ఆ కంపెనీ చరిత్ర చెబుతుంది.

ఎగ్జిబిషన్‌లో స్టాలు పెట్టబోయే ప్రతి చిన్న వ్యాపారీ ఈ కథను కాస్త ఆగి చూడాలి. 10 లక్షల బొమ్మలు మనవల్ల కాదు, నిజమే. కానీ ఆ ఆలోచనకు డబ్బుతో పని లేదు. కానుకను గేటు దగ్గర పంచేస్తే తీసుకున్నవాడు అటునుంచి అటే పోయేవాడు. హైన్జ్ కింద మైదానంలో ఇచ్చింది చీటీ మాత్రమే, కానుక మెట్ల పైన ఉంది. ఆ కానుక కూడా అతని సరుకు రూపంలోనే ఉంది. పైగా దాన్ని తగిలించుకుని కిందికి దిగిన ప్రతి మనిషీ ఇంకో నలుగురికి ‘అదెక్కడిది?’ అని అడిగే అవకాశం ఇచ్చాడు.

మరి మనవాళ్లు పంచేదేమిటి? కంపెనీ పేరున్న ప్లాస్టిక్ పెన్ను, కీచైను. అమ్మేది సోలార్ పలకలైనా అదే పెన్ను, మిరప విత్తనాలైనా అదే పెన్ను. ఇంటికెళ్లాక అది ఎవరిచ్చారో పిల్లలకు కూడా గుర్తుండదు. ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్మేవాళ్లు అంకుడు కర్ర ముక్కతో వేలెడంత బొంగరం చేసి ఇవ్వొచ్చు. చేనేత స్టాలులో కత్తిరించగా మిగిలిన గుడ్డ పీలికలు పుస్తకంలో పేజీ గుర్తుకు పనికొస్తాయి. మొక్కలు అమ్మేవాళ్లకు కాగితం పొట్లంలో నాలుగు బంతి విత్తనాలు చాలు. వీటికయ్యే ఖర్చు ఆ పెన్ను ఖర్చు కంటే తక్కువే ఉంటుంది. ఆలోచనే కొంచెం ఎక్కువ కావాలి.

కానుకతో మనిషి స్టాలు దాకా వస్తాడు. వచ్చినవాణ్ని నిలబెట్టడం వేరే విద్య. అది తెలిసినవాడు ఎలిషా ఓటిస్. 1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో అతను తన లిఫ్టు గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. తనే లిఫ్టు పలక మీద నిలబడి, పైకి లాగించుకుని, అందరూ చూస్తుండగా దాన్ని మోస్తున్న తాడు కోయించాడు. పలక కాస్త జారి ఆగిపోయింది. తాడు తెగితే పడిపోతామన్న భయంతో మనుషులు లిఫ్టు ఎక్కని కాలమది. ఆ భయాన్ని పోగొట్టడానికి అతనికైన ఖర్చు ఒక తాడు.

మన సరుకు విషయంలో కొనేవాడికున్న అనుమానం ఏమిటి? దాన్ని వాడి కళ్లముందే తీర్చే మార్గం ఏమిటి? స్టాలు ఎలా అలంకరించాలా అని మథనపడే ముందు ఈ రెండు ప్రశ్నలూ వేసుకోవాలి. పోచంపల్లి చీరలు అమ్మేవారికి ఎదురయ్యే అనుమానం అందరికీ తెలిసిందే: ఇది నేసిందా, అచ్చేసిందా? ఇక్కత్‌లో నూలును ముందే ముడులు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత మగ్గమెక్కిస్తారు కాబట్టి బొమ్మ గుడ్డకు రెండు వైపులా కనిపిస్తుంది. అచ్చేసిన గుడ్డ మామూలుగా వెనకవైపు వెలవెలబోతుంది. బల్ల మీద రెండు ముక్కలు పడేసి, దారిన పోయే ఆవిడతో ‘అమ్మా, వీటిలో ఏది నేసిందో చెప్పగలరా?’ అని అడిగి చూడండి. ఆవిడ ఆగుతుంది. ముట్టుకుంటుంది, తిరగేస్తుంది, పక్కనున్న వదినగారిని పిలుస్తుంది. ఇద్దరూ వాదించుకుంటారు. ఆ వాదన విని ఇంకో నలుగురు ఆగుతారు. రెండు గుడ్డముక్కలు చేసిన ఈ పని పది అడుగుల ఫ్లెక్సీ చెయ్యలేదు.

పచ్చళ్లవాళ్లకైతే మూతలకు చిల్లులు పెట్టిన నాలుగు డబ్బాలు చాలు. లోపలేముందో వాసన చూసి చెప్పమంటే పిల్లలు ముందు వస్తారు, వాళ్ల వెనకే పెద్దలూ వస్తారు. ‘ఈ రెండు ఆవకాయల్లో ఏది మీ అమ్మమ్మ చేసినట్టుందో చెప్పండి’ అని చెంచా చేతికిస్తే ఆ సంభాషణ ఎటో వెళ్తుంది, వెళ్లనివ్వండి. హైదరాబాద్ హైటెక్స్ లాంటి ప్రదర్శనశాలల్లో యంత్రాలో సేవలో అమ్ముకునేవారికి రుచి, వాసన లేవే అంటారా? సోలార్ పలకలవాళ్లు ‘మీ కరెంటు బిల్లు ఫోన్లో చూపించండి, ఎన్ని కిలోవాట్లు కావాలో లెక్కగట్టి రాసిస్తాం’ అని బోర్డు పెట్టొచ్చు. జీఎస్టీ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ‘రిటర్న్ దాఖలు చేయడంలో మీకున్న ఒక్క చిక్కు చెప్పండి’ అని కుర్చీ వేయొచ్చు. వచ్చినవాడు చేతిలో ఒక కాగితంతోనో, తలలో ఒక జవాబుతోనో వెళ్తాడు. కొనకపోయినా మీ పేరు తీసుకెళ్తాడు.

కుర్చీ అంటే గుర్తొచ్చింది. హైదరాబాద్ నుమాయిష్ 1938లో ఉస్మానియా పట్టభద్రుల చొరవతో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారింది. ఇప్పటికీ మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా సాగుతుంది. అక్కడికి వెళ్లేది ఒంటరి మనుషులు కాదు, కుటుంబాలు. తాతగారు, నాయనమ్మ, చంకలో పిల్ల. గంట తిరిగేసరికి పెద్దావిడ మోకాళ్లు పట్టుకుంటుంది. ఆవిణ్ని కూర్చోబెట్టడానికి ఒక కుర్చీ, మంచినీళ్ల బిందె పెట్టిన స్టాలు ముందు ఇల్లంతా ఆగిపోతుంది, ఆవిడ లేచేదాకా కదలరు. కుర్చీ అద్దెకు ఎంత ఖర్చవుతుంది? స్టాలు లోపల యజమాని కూర్చోవడానికి వేసుకున్న రెండు కుర్చీల్లో ఒకటి బయటికి తీస్తే అదీ అవ్వదు.

అసలు చిక్కు ఆ లోపలి కుర్చీలతోనే. ఏ ఎగ్జిబిషన్‌లోనైనా ఒక వరుస పొడుగునా నడిచి చూడండి. ముందు బల్ల, వెనక కుర్చీ, కుర్చీలో మనిషి, మనిషి చేతిలో ఫోను. అతనికి వ్యాపారం తెలియక కాదు. పరాయి మనిషిని పలకరించడానికి మొహమాటం, పలకరిస్తే ‘వద్దండీ’ అంటారని బెరుకు. ఫోను చూస్తూ కూర్చుంటే ఎవరూ కాదనరు, ఎవరూ అవుననరు. వేలు పోసి స్టాలు తీసుకుని, బల్ల అడ్డం పెట్టుకుని దాక్కోవడమన్నమాట. పైసా ఖర్చు లేని మొదటి ఉపాయం ఆ బల్లను గోడకు నెట్టి, పక్కగా నిలబడటమే. దారికి ఎదురుగా కావలివాడిలా నిలబడితే జనం తప్పుకుని పోతారు. ఒక పక్కన, చేతిలో ఏదో పని పెట్టుకుని నిలబడితే వాళ్లంతట వాళ్లే దగ్గరికి వస్తారు.

‘ఏం కావాలండీ?’ అని మాత్రం అడగొద్దు. దానికి మన దగ్గర తరతరాలుగా ఒకటే జవాబు, ‘ఊరికే చూస్తున్నాం’. ఆ మాటతో తలుపు మూసుకుంటుంది. అవునూ కాదూ అని తప్పించుకోలేని ప్రశ్న, చిన్నది, సరదాగా జవాబు చెప్పగలిగేది ఒకటి ఇంటి దగ్గరే తయారుచేసుకోవాలి. ఇంట్లోవాళ్ల మీద ప్రయోగించి చూడాలి. వాళ్లు నవ్వకపోతే మైదానంలో ఎవరూ నవ్వరు.

మొహమాటం చదివితే పోయేది కాదు, వాడగా వాడగా అరిగేది. మొదటి పూట తిరస్కారాలకే కేటాయించుకున్నామనుకుంటే మంచిది. పది మంది వద్దనేసరికి అందులో మనల్ని కించపరిచిందేమీ లేదని, వాళ్లకు బస్సు టైమైందనో పిల్లాడు ఏడుస్తున్నాడనో అర్థమవుతుంది. ఆ తర్వాత గొంతులో బతిమాలుడు పోతుంది. కొనేవాళ్లు బతిమాలుడును దూరం నుంచే పసిగడతారు. రోజంతా ఒక్కరే నిలబడితే సాయంత్రానికి ముఖం వాడిపోతుంది కాబట్టి ఇద్దరు వంతులేసుకోవడం మేలు. అసలు గిరాకీ సాయంత్రమే.

మైకులో అరిపించడం, లక్కీ డ్రా చక్రం తిప్పించడం గురించి ఒక్క మాట. గుంపు వస్తుంది, కాదనను. వచ్చిన గుంపు చక్రం చూసి పోతుంది. ఆ గుంపు వెనక నిజంగా కొనేవాడు స్టాలు కనిపించక పక్కకు పోతాడు. నన్నడిగితే ఆ డబ్బు దీపాలకు పెట్టండి. రెండు మంచి దీపాలు సరుకు మీద పడితే సరుకే పిలుస్తుంది. బోర్డు మీద కంపెనీ పేరు చిన్నదైనా పరవాలేదు, మీరు అమ్మేది కొన్నవాడికి ఏం మేలు చేస్తుందో తెలుగులో ఒక్క వాక్యం, పదిహేను అడుగుల దూరానికి కనిపించేలా ఉండాలి.

ఇక స్టాలు తెరవకముందే చేయాల్సిన పని ఒకటుంది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన టెలిఫోను పెట్టుకుని ఓ మూల నిలబడ్డాడు. జూన్ ఎండ. నిర్ణేతలు అలసిపోయి అటు రాకుండానే వెళ్లిపోయేలా ఉన్నారు. వాళ్లతో ఉన్న బ్రెజిల్ చక్రవర్తి రెండో పెడ్రో అతన్ని గుర్తుపట్టి పలకరించాడు. అంతకుముందు బోస్టన్‌లో చెవిటి పిల్లల బడికి సంబంధించి ఇద్దరికీ పరిచయం. చక్రవర్తి కదిలాడు, వెనకే నిర్ణేతలూ కదిలారు. టెలిఫోను పేరు ఆ రోజు నుంచే మోగింది. అది అదృష్టమే అనొచ్చు. కానీ తెలిసిన ముఖం ఒకటి వచ్చి నిలబడితే తెలియని ముఖాలు పది చేరతాయన్నది మన సంతల్లోనూ చూస్తున్నదే. పాత ఖాతాదారులకు, బంధువులకు, ఊరివాళ్లకు ‘మా స్టాలు నంబరు ఇది, శనివారం సాయంత్రం 6 గంటలకు మగ్గం మీద నేసి చూపిస్తున్నాం, పిల్లల్ని తీసుకురండి పిన్నీ’ అని పేరుపేరునా వాట్సాప్ పెట్టండి. అందరికీ ఒకటే ఫ్లయర్ పంపితే చూసి వదిలేస్తారు. పేరు పెట్టి పిలిస్తే రాలేనివాళ్లు కూడా ఇంకొకర్ని పంపుతారు.

పక్క స్టాలువాళ్లను పోటీదారులుగా చూడటం కూడా మానుకుంటే మంచిది. పచ్చళ్ల స్టాలు, అప్పడాల స్టాలు ఒకరి చీటీలు ఒకరు పంచితే ఇద్దరికీ ఖర్చు సగమవుతుంది. అలాగే అర్హత ఉన్న చిన్న పరిశ్రమలకు స్టాలు అద్దెలో కొంత తిరిగి ఇచ్చే కేంద్ర పథకాలున్నాయి. జిల్లా పరిశ్రమల కేంద్రంలోనో, ఎంఎస్ఎంఈ కార్యాలయంలోనో దరఖాస్తుకు ముందే కనుక్కోవాలి. ఎగ్జిబిషన్ అయ్యాక వెళ్తే పని కాదు.

ఒక నోటు పుస్తకం తప్పనిసరి. వచ్చినవాళ్ల పేరు, నంబరు, వాళ్లు అడిగిన ఒక్క విషయం. ‘మెదక్ నుంచి వచ్చారు, చెల్లెలి పెళ్లి మేలో, మెరూన్ రంగు అడిగారు’ అని రాసుకుంటే మేలో ఏం చేయాలో మీకే తెలుస్తుంది. విజిటింగ్ కార్డులు గుప్పెడు పోగేసుకుని ఇంటికెళ్లి సొరుగులో పడేసేవాళ్లే ఎక్కువ. ఆ పుస్తకం ఆ రాత్రే తిరగేసి, మర్నాటికల్లా ఒక్కొక్కరికీ వాళ్లడిగిన దాని గురించి రెండు ముక్కలు పంపితే అద్దె గిట్టుబాటయ్యేది అక్కడే.

వచ్చే సీజన్‌లో స్టాలు తీసుకోవాలనుకుంటుంటే, ముందు ఏదైనా ఒక ఎగ్జిబిషన్‌కు టికెట్ కొనుక్కుని మామూలు జనంలో ఒకరిగా ఓ సాయంత్రం తిరగండి. ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో, ఎవరు పలకరిస్తే నవ్వొచ్చిందో, ఎవరి పిలుపుకు అడుగు వేగం పెరిగిందో అక్కడికక్కడే రాసుకోండి. ఆ కాగితం చేతికొచ్చాకే అడ్వాన్సు కట్టండి.