మేం అనే చొక్కా, మనం అనే చొక్కా

ఫ్రెండ్స్, ఈసారి మన అధ్యయనం శీర్షికకి నేను తీసుకున్నది పద్యమో నవలో కాదు, ఒక చొక్కా. మనం చదవని పెద్ద కాలేజీ పేరు ఛాతీ మీద రాసి ఉన్న చొక్కా.

మన కాంటీన్‌లో ఏ సాయంత్రం కూర్చున్నా ఒక ఐఐటీ హుడీ, ఒక హార్వర్డ్ టీషర్ట్ కనిపిస్తాయి. హార్వర్డ్ టీషర్ట్‌ని ఎవరూ పట్టించుకోరు. ఐఐటీ హుడీ వేసుకున్నవాడికి మాత్రం “ఏరా, సీటెప్పుడొచ్చింది?” అని ఎవరో ఒకరు చురక అంటిస్తారు. రెండూ మనవి కాని కాలేజీలే. ఒకదాన్ని వదిలేసి ఇంకోదాన్ని ఎందుకు పట్టుకుంటాం? కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం.

1. బ్లేజర్ ఎక్కడ పుట్టింది

ప్లేస్‌మెంట్స్ సీజన్ వస్తే మనందరం బ్లేజర్ల కోసం పరుగులు పెడతాం కదా. ఆ మాట కేంబ్రిడ్జ్ నుంచి వచ్చింది. అక్కడి సెయింట్ జాన్స్ కాలేజీకి లేడీ మార్గరెట్ బోట్ క్లబ్ అని ఒక పడవ పందేల జట్టు ఉంది, 1825లో మొదలైంది. వాళ్లు వేసుకునే కోటు మంట మండుతున్నట్టుండే ఎరుపు. ఆ మండే రంగు వల్లే కోటుకి బ్లేజర్ అని పేరొచ్చిందంటారు.

అక్కడ రంగు అంటే సర్టిఫికెట్ లెక్క. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ‘బ్లూ’ అనేది ఈ రోజుకీ ఒక గౌరవం. యూనివర్సిటీ తరఫున అవతలి యూనివర్సిటీ మీద ఆడినవాళ్లకే అది దక్కుతుంది, ఆ కోటు వేసుకునే హక్కూ వాళ్లదే. అదే యూనివర్సిటీలో చదువుతున్నంత మాత్రాన వేసుకోవడానికి లేదు.

తర్వాత అచ్చు టీషర్ట్ వచ్చింది. యూనివర్సిటీలే తమ పేరుని ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేసి, లైసెన్సులిచ్చి, చూడటానికొచ్చిన టూరిస్టుకి కూడా చొక్కాలు అమ్మడం మొదలుపెట్టాయి. దాంతో ఒకే గుడ్డకి మూడు అర్థాలు పోగయ్యాయి. ‘నేను సంపాదించుకున్నాను’ అన్నది మొదటిది. ‘నేను అక్కడికి వెళ్లొచ్చాను’ అన్నది రెండోది. ‘నాకు ఆ పేరంటే ఇష్టం’ అన్నది మూడోది. వేసుకున్నవాడు మూడో అర్థంతో వేసుకుంటే, చూసినవాడు మొదటి అర్థంతో చదువుకోవచ్చు. గొడవంతా ఇక్కడే.

2. సోమవారం చొక్కాలు

ఈ విషయం మీద ఒక పేరున్న పరిశోధన ఉంది. అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ చాల్డీని, ఆయన బృందం 1973 ఫుట్‌బాల్ సీజన్‌లో 7 యూనివర్సిటీల్లో ఒక లెక్క తీశారు. ప్రతి సోమవారం సైకాలజీ క్లాసులో ఎంతమంది తమ యూనివర్సిటీ పేరో, గుర్తో ఉన్న బట్టలు వేసుకొచ్చారో రాసుకున్నారు. శనివారం తమ జట్టు గెలిచిన వారాల్లో ఆ చొక్కాలు ఎక్కువ కనిపించాయి. గెలవని వారాల్లో తగ్గాయి. క్లాసులో కూర్చున్నవాళ్లు చేసిందేమీ లేదు, ఆడింది జట్టు. అయినా గెలుపు మాత్రం అందరి ఒంటి మీదికీ వచ్చింది.

దీనికి ఆయన పెట్టిన పేరుని తెలుగులో చెప్పాలంటే, పక్కింటి మంటకి చలి కాచుకోవడం. 1976లో ఈ వ్యాసం అచ్చయింది.

అదే వ్యాసంలో ఇంకో ప్రయోగం ఉంది. నాకు అసలు పాఠం అందులో దొరికింది. విద్యార్థులకి ఫోన్ చేసి, క్యాంపస్ గురించి 6 చిన్న ప్రశ్నలడిగారు. జవాబులతో సంబంధం లేకుండా కొందరికి “బాగా చెప్పారు” అన్నారు, కొందరికి “మీకు పెద్దగా తెలియలేదు” అన్నారు. ఆ తర్వాత ఫలానా మ్యాచ్‌లో ఏం జరిగిందో చెప్పమన్నారు. వాళ్లు గమనించింది ఒక్క మాటనే. ‘మేము గెలిచాం’ అంటున్నారా, ‘వాళ్లు ఓడిపోయారు’ అంటున్నారా? గెలిచిన మ్యాచ్‌కి ‘మేము’ ఎక్కువ వచ్చింది. ఆ తేడా, అప్పుడే “మీకు తెలియలేదు” అనిపించుకున్నవాళ్లలో బాగా కనిపించింది.

అంటే మనసు మీద దెబ్బ తగిలిన వెంటనే మనిషి ఒక పెద్ద ‘మేము’ కోసం వెతుక్కుంటాడు.

ఇప్పుడు మన సంగతి. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసినవాళ్లు 1,80,200 మంది. 23 ఐఐటీల్లో కలిపి ఉన్న సీట్లు 17,740. మిగిలిన లక్షా అరవై వేల పైచిలుకు మందిలో చాలామంది మనలాంటి కాలేజీల్లోనే ఉన్నారు. ఇంటర్ రెండేళ్లు పొద్దున్నే స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసిన రోజులు మనకి తెలుసు. అంత చదివాక పెళ్లిలోనో గృహప్రవేశంలోనో ఓ బంధువు “ర్యాంకెంత?” అని అడిగితే ప్లేటులో పులిహోర కలుపుతూ కూర్చోవడమూ తెలుసు. ఆ హుడీని చూసి నవ్వేముందు ఇదంతా గుర్తుంచుకోవాలి. ఎవరో ‘నీకు తెలియలేదు’ అని తేల్చి చెప్పాక వెతుక్కున్న ‘మేము’ అది.

3. తెలుగుకి రెండు మాటలున్నాయి

చాల్డీని ప్రయోగం ఇంగ్లిష్‌లో జరిగింది. ఇంగ్లిష్‌లో ఈ పనికి ఒకటే మాట. తెలుగులో మనకి రెండున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేం. చిన్నప్పుడు వ్యాకరణంలో దాటేసిన ఈ తేడా ఇక్కడ బాగా పనికొస్తుంది.

2023లో ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చినప్పుడు “మనకి ఆస్కార్ వచ్చింది” అన్నాం. సత్య నాదెళ్ల పేరొస్తే “మనవాడే” అంటాం. ఆ పాట మనం రాయలేదు, ఆ కంపెనీ మనం నడపడం లేదు. అయినా ఎవరికీ తప్పనిపించదు. ఎందుకంటే ‘మన’ అన్నప్పుడు వింటున్నవాడికీ అందులో వాటా ఇచ్చాం. మంట పక్కింటిదే అయినా ఇద్దరం కలిసి చలి కాచుకుంటున్నాం.

‘మేం’ అలా కాదు. “మేం ఐఐటీలో ఇలా చేస్తాం” అన్న క్షణంలో వినేవాడు గీతకి అవతల పడ్డాడు. ఆ మాటతో నేనెంత ఎత్తు పెరిగానో, వాడంత తగ్గాడు.

కాంటీన్ ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇదే. మన కాంటీన్‌లో హార్వర్డ్ టీషర్ట్ ‘మేం’ అనలేదు. అన్నా ఎవరూ నమ్మరు, కాబట్టి అది బొమ్మ మాత్రమే. ఐఐటీ హుడీ అనగలదు. పైగా అక్కడ కూర్చున్న అందరూ రాసిన పరీక్ష పేరుతో అంటుంది. అందుకే గుచ్చుకుంటుంది.

4. గిరీశం వేసుకున్న చొక్కా

సాహితీ క్లబ్ కాబట్టి కన్యాశుల్కం దగ్గర ఆగాలి. గురజాడ 1897లో అచ్చువేసి, 1909లో పెంచి తిరగరాసిన నాటకం. వెంకటేశం పరీక్ష తప్పి ఇంటికొస్తాడు, వెంట గిరీశం. తల్లి వెంకమ్మకి ఇంగ్లిష్ రాదు. కొడుకు ఇంగ్లిష్ మాట్లాడితే వినాలని ఆవిడ ముచ్చట. అప్పుడు గురుశిష్యులిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుతున్నట్టే పిల్లల పాట లైనొకటి, వాచకంలోని వాక్యమొకటి, రేఖాగణితం సిద్ధాంతమొకటి అప్పజెప్పేస్తారు. ఒకదానికొకటి సంబంధం ఉండదు. ఆవిడ మురిసిపోతుంది.

ఆ రోజుల్లో ఇంగ్లిష్ చదువే ఐఐటీ. ఆ వాక్యాలే హుడీ. ఈ సీన్ చదివి గిరీశాన్ని చూసి నవ్వుతాం గానీ, వెంకమ్మ వైపు నుంచి చూడండి. కొడుకు చదువు కోసం డబ్బు పోస్తున్న ఇల్లు అది. వాడు నిజంగా ఏం నేర్చుకున్నాడో తెలుసుకునే దారి ఆవిడకి లేదు. చొక్కా పనిచేసేది ఇలాంటివాళ్ల ముందే. గిరీశం కూడా ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ల ముందు ఆ పద్ధతిలో మాట్లాడడు.

5. సిగ్నల్ ఖరీదు

మన భాషలో చెప్పుకుందాం. మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త 1973లో ఉద్యోగ మార్కెట్ గురించి ఒక వ్యాసం రాశాడు. 2001లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు. ఆయన చెప్పింది స్థూలంగా ఇది. కంపెనీకి మన సామర్థ్యం నేరుగా కనిపించదు, కాబట్టి డిగ్రీని సిగ్నల్‌గా తీసుకుంటుంది. ఆ సిగ్నల్ పనిచేయాలంటే, సామర్థ్యం లేనివాడికి దాన్ని సంపాదించడం ఎక్కువ కష్టంగా ఉండాలి. అందరికీ ఒకే ధరకి దొరికితే అది ఏమీ చెప్పదు.

ఐఐటీ సీటు ఖరీదు రెండేళ్లో మూడేళ్లో. ఐఐటీ హుడీ ఖరీదు కొన్ని వందల రూపాయలు, ఆన్‌లైన్‌లో ఆఫర్ ఉంటే ఇంకా తక్కువ. తెలిసినవాడికి ఆ హుడీ ఏ సమాచారమూ ఇవ్వదు. ఏ ఇంటర్వ్యూ బోర్డూ దాన్ని చూసి మార్కులెయ్యదు. అది పనిచేసేది ధర తెలియని అమాయకుడి దగ్గరే. అంటే ఈ చొక్కాతో మోసం చేయాలని ఎవరైనా అనుకుంటే, వాళ్లు మోసం చేయగలిగేది తమని నమ్మడానికి సిద్ధంగా ఉన్నవాళ్లనే. ఊళ్లో నాయనమ్మనో, ఇంటర్ చదివే కజిన్‌నో.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందని సామెత. పంచతంత్రంలో పులితోలు కప్పుకున్న గాడిద పొలంలో హాయిగా మేసింది, ఓండ్ర పెట్టాక దొరికిపోయింది. రెండింట్లో గాడిద తెలివైనదని నాకనిపిస్తుంది. దానికి కనీసం మేత దొరికింది. నక్కకి మిగిలింది వాతే.

6. రైల్లో ఒక ప్రశ్న

మా అక్క ఒక ఐఐటీలో ఎంటెక్ చేస్తోంది. తన హుడీ ఒకటి నా దగ్గరుంది, చలికాలం వేసుకుంటాను. పోయిన సంక్రాంతికి సికింద్రాబాద్‌లో రైలెక్కితే ఎదురు సీట్లో ఒక తండ్రీ కూతురూ. అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. కాజీపేట దాటాక ఆయన అడిగారు, “ఏ ఐఐటీ నాన్నా?”

“ఇది మా అక్కదండీ. నేను వేరే కాలేజీలో ఈసీఈ, థర్డియర్” అన్నాను.

“అలాగా” అని ఆయన ఫోన్‌లోకి వెళ్లిపోయారు. కాసేపటికి అప్పటిదాకా నోరు విప్పని ఆ అమ్మాయి, నాన్నకి వినపడకుండా అడిగింది. “అన్నా, ఐఐటీ రాకపోతే ఏమవుతుంది?”

ఖమ్మం దాటేదాకా మాట్లాడుకున్నాం. సీటు రాని నెలలో ఇంట్లో ఎలా ఉంటుందో, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు ఎలా పెట్టుకోవాలో, ఫస్టియర్‌లో నాకు సిగ్నల్స్ సబ్జెక్ట్ ఎందుకు నచ్చిందో చెప్పాను. నేను ఐఐటీవాణ్ణని అనుకుని ఉంటే తను ఆ ప్రశ్న అడిగేది కాదు. మార్కులు పెంచుకునే చిట్కాలడిగేది. నాన్నగారే అడిగించేవారు.

7. గీత ఎక్కడ గీయాలి

చట్టం సంగతి ముందు. చొక్కా వేసుకోవడం నేరం కాదు. అనుమతి లేకుండా ఆ లోగో అచ్చేసి అమ్మేవాడికి 1999 ట్రేడ్ మార్క్స్ చట్టంతో చిక్కు. తాను కాని మనిషిగా చెప్పుకుని మోసం చేస్తే భారతీయ న్యాయ సంహిత 319వ సెక్షన్ ఉంది. మన రోజువారీ వ్యవహారమంతా ఈ రెండింటికీ బయటే ఉంటుంది, కాబట్టి గీత మనమే గీసుకోవాలి.

ఫెస్ట్‌కి వెళ్లి తెచ్చుకున్న టీషర్ట్ ‘వెళ్లొచ్చాను’ అంటుంది, అది నిజమే. సమ్మర్ ఇంటర్న్‌షిప్‌లో కొన్నదీ అంతే. ఐఐటీ మద్రాస్ 2021లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ బీఎస్ డిగ్రీ చేస్తున్నవాళ్లు అక్కడి విద్యార్థులే, వాళ్లని “అసలు ఐఐటీ కాదులే” అనడం మన కుళ్లు. ఎన్‌పీటెల్ కోర్సు పాసైతే సర్టిఫికెట్ మీద ఐఐటీ పేరుంటుంది, దాన్ని కోర్సుగా రాసుకోవచ్చు. కానీ రెండు రోజుల వర్క్‌షాప్‌కి వెళ్లి లింక్డ్‌ఇన్‌లో చదువు కాలమ్‌లో ఐఐటీ బాంబే అని పెట్టేవాళ్లున్నారు చూశారా, అక్కడ గుడ్డ లేకపోయినా అది పక్కా ‘మేం’ చొక్కా.

నేను పెట్టుకున్న నియమం చిన్నది. చొక్కా ఏదైనా వేసుకోవచ్చు. ఎవరైనా ప్రశ్న అడిగితే మాత్రం జవాబు నోటితో చెప్పాలి, చొక్కాకి వదిలేయకూడదు. ఆయన అడక్కపోయినా నమ్మేశాడని తెలిస్తే, అప్పుడూ చెప్పాలి.

సాధన

శనివారం మీటింగ్‌కి ఈ మూడు ఆలోచించుకుని రండి.

ఒకటి. ఈ వారంలో మీరు ‘మేం’ అన్నవి, ‘మనం’ అన్నవి నాలుగేసి రాసుకోండి. ‘మేం’ అన్నప్పుడు ఎదురుగా ఎవరున్నారు?

రెండు. కన్యాశుల్కంలో ఆ సీన్‌ని వెంకమ్మ వైపు నుంచి పది వాక్యాల్లో రాయండి.

మూడు. మన కాలేజీ పేరున్న టీషర్ట్ మీ దగ్గరుందా? ఉంటే దాన్ని చివరిసారి ఊళ్లో ఎప్పుడు వేసుకున్నారు? ఎప్పుడూ వేసుకోకపోతే, ఎందుకు?