ముందు పేర్లు రాయండి

షెఫీల్డ్,
మార్చి 2025

చిరంజీవి అమ్మలుకి,

నీ ఉత్తరం అందింది. వచ్చే సెప్టెంబరు ఒకటికి బెజవాడను బుడమేరు వరద ముంచి ఏడాది నిండుతుంది కనుక, ఆ రోజుకి సింగ్‌నగర్‌లో ఫొటోల ప్రదర్శన పెట్టాలనీ, చందాలు పోగైతే చిన్న స్తూపం కట్టించాలనీ నువ్వూ నీ స్నేహితులూ అనుకుంటున్నారని రాశావు. ఎక్కడ మొదలుపెట్టాలత్తా అని అడిగావు. స్తూపం ఎప్పుడైనా కట్టుకోవచ్చు. ఫొటోలకూ తొందర లేదు, అవి ఎన్నో ఫోన్లలో భద్రంగా ఉన్నాయి. ఆగనివి పేర్లు, ఏ ఇంట్లో ఏం పోయిందన్న పట్టికలు. వాటితో మొదలుపెట్టండి. ఎందుకంటున్నానో కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

నేనుండే హిల్స్‌బరో కూడా ఒక రాత్రి కొట్టుకుపోయిన ఊరే. 1864 మార్చి 11, శుక్రవారం. ఊరికి ఎగువన, బ్రాడ్‌ఫీల్డ్ దగ్గర, నీళ్ల కంపెనీ కొత్తగా కట్టిన డేల్ డైక్ ఆనకట్టను మొట్టమొదటిసారి నింపుతున్నారు. ఆ సాయంత్రం కట్ట మీద సన్నటి పగులు ఒక పనివాడి కంట పడింది. ఇంజనీరును పిలిపించారు. నీళ్లు కిందికి వదిలారు, అలుగును మందుగుండు పెట్టి పేల్చాలని చూశారు. ఏదీ సాగలేదు. అర్ధరాత్రి కావస్తుండగా కట్ట తెగింది. ఆ నీళ్లు లాక్స్‌లీ లోయ వెంట మాలిన్ బ్రిడ్జి, హిల్స్‌బరో, నీప్‌సెండ్ మీదుగా నిద్రలో ఉన్న ఊరి మీద పడ్డాయి. కనీసం 240 మంది పోయారు.

వాళ్లెవరో ఈ ఊరికి తెలుసు. శామ్యూల్ హారిసన్ అని ఇక్కడి ఒక పత్రిక సంపాదకుడు అదే ఏడాది ఆ వరద మీద పెద్ద పుస్తకం అచ్చేశాడు. చనిపోయినవాళ్ల పేర్లు, ఊళ్లు అందులో వరసగా ఉంటాయి. నన్ను ఇప్పటికీ కదిలించేది బ్రాడ్‌ఫీల్డ్ దర్జీ ఇంటి పసిగుడ్డు. పుట్టి ఒకటి రెండు రోజులే అయింది, పేరైనా పెట్టలేదు. మన లెక్కలో చెప్పాలంటే బారసాల కాని బిడ్డ. ఆ బిడ్డ కూడా లెక్కలో ఉన్నాడు. పేరు లేకపోయినా ఫలానా వాళ్ల బిడ్డ అని ఉన్నాడు. నూట అరవై ఏళ్ల తర్వాత, ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన నాలాంటిది ఆ బిడ్డ గురించి తెలుసుకోగలుగుతోందంటే, ఆ రోజుల్లో ఎవరో ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకోబట్టే.

ఇంకొకటుంది, అది నీ పనికి మరీ దగ్గరిది. నష్టపరిహారం కంపెనీయే కట్టాలని పార్లమెంటు చట్టం చేసింది. దానికోసం కమిషనర్లను వేశారు. జనం ఏం పోయిందో రాసిచ్చారు. ఆ క్లెయిములు 6 వేలకు పైనే. దుప్పట్లు, చొక్కాలు, కుర్చీలు, కత్తులు సానబట్టే పనిముట్లు, పెరట్లో పెంచుకున్న పందులు, కూరగాయల మళ్లు, పని ఆగి పోగొట్టుకున్న కూలి డబ్బులు, ఒక్కోదాని ఎదురుగా ఖరీదు. అడిగినంతా ఇవ్వలేదు, బాగా కోతపెట్టారు. అయినా 2 లక్షల 70 వేల పౌండ్లకు పైగా చెల్లించారు. ఆ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది, కాగితాలు మిగిలాయి. షెఫీల్డ్ హాలమ్ విశ్వవిద్యాలయం వాళ్లు వాటిని కంప్యూటర్‌కెక్కించారు. ఈనాడు ఎవరైనా తన ముత్తాత పేరు కొట్టి, ఆయన ఇంట్లో ఆ రాత్రి ఏమేం పోయాయో చదువుకోవచ్చు. అప్పటి కూలివాడి ఇల్లు లోపల ఎలా ఉండేదో ఏ నవలా ఇంత వివరంగా చెప్పదు. ఆసుపత్రి రికార్డుల గదిలో ఉద్యోగమంతా గడిపినదాన్ని కదా, ఆ పట్టికలు చూస్తుంటే ఒక ఊరి సంసారమంతా కళ్ల ముందు పరిచినట్టుంటుంది నాకు.

ఇక మన సంగతి విను. అదే 1864లో, నవంబరు 1 రాత్రి, మన బందరు మీద ఉప్పెన విరుచుకుపడింది. సుమారు 30 వేల మంది పోయారని అందరూ చెప్పుకునే లెక్క. షెఫీల్డ్‌లో పోయినవాళ్లకు నూరు రెట్ల కన్నా ఎక్కువ. జిల్లా గురించి గార్డన్ మెకంజీ 1883లో రాసిన మాన్యువల్‌లో ఆ ఉప్పెన సంగతి ఉంది. కానీ ఆ 30 వేలలో కలంకారీ అద్దకం వాళ్లెందరు, పల్లెకారులెందరు, ఉప్పుమళ్లలో పనిచేసేవాళ్లెందరు? వాళ్ల పేర్లేమిటి? మన తాతముత్తాతలది బందరు పక్క ఊరే. మా నాయనమ్మ నోట ఉప్పెన అన్న మాట విన్నాను, చెట్లకు శవాలు వేలాడాయని విన్నాను, ఒక్క మనిషి పేరు మాత్రం వినలేదు. మనవాళ్లకు ప్రేమ లేక కాదు. సముద్రం మీద దావా వేసేదెవరు? డబ్బు కట్టాల్సిన కంపెనీ లేదు కనుక, ఇంట్లో ఏం పోయిందమ్మా అని గుమ్మంలో నిలబడి అడిగినవాళ్లు లేరు. అందుకే మనకు అంకె మిగిలింది.

నీ తరానికి ఆ గతి పట్టకూడదు, అమ్మలూ. బెజవాడలో ఎన్యూమరేషన్ జరిగింది. మునిగిన ఇంటికి కింది అంతస్తయితే 25 వేలు, పై అంతస్తయితే 10 వేలు ఇచ్చారు. ఇళ్ల జాబితాలు ఎక్కడో ఒక చోట ఉంటాయి. అయితే ఇంటికింత అని ఒకే లెక్క కనుక లోపల ఏముండేదో ఎవరూ రాయాల్సిన పని పడలేదు. కుట్టుమిషనుతో పిల్లల ఫీజులు కట్టిన ఆవిడా, టీవీలు బాగుచేసే కుర్రాడూ అందరూ ఒకే గడిలో పడ్డారు. ఆ గడిని మీరు విప్పాలి. ప్రభుత్వం ఇచ్చిన డబ్బు సరిపోయిందా లేదా అన్నది వేరే చర్చ, దానిలోకి దిగకండి. మీ పని వేరు.

ఎలా అడగాలో చెబుతాను. "వరద గురించి చెప్పండి" అంటే అందరూ టీవీలో చూసిందే చెబుతారు: హెలికాప్టర్లు, పడవలు, డ్రోన్లతో ఆహార పొట్లాలు. అలా అడగొద్దు. "మీ వంటింట్లో ఎడమచేతి వైపు ఏముండేదండీ?" అని అడుగు. అక్కణ్ణుంచి గది గదిగా నడిపించుకురా. గ్రైండరు ఏ ఏడు కొన్నారు, ఎంతకు కొన్నారు, పట్టుచీర ఎవరు పెట్టారు, పిల్లాడి పదో తరగతి సర్టిఫికెట్లు ఏ కవర్లో ఉండేవి? వస్తువు దగ్గరకొస్తే మనిషి తనంతట తనే కథలోకి వస్తాడు. వాళ్లు చెప్పిన మాట చెప్పినట్టే రాయి, నీ తెలుగులోకి దిద్దకు. కిందటేడు సెప్టెంబరు 7న వినాయక చవితి కదా, ఇంకా నీళ్లూ బురదా ఉన్న వీధుల్లో పండగ ఎలా జరిగిందో తప్పకుండా అడుగు. పందిరి వేశారా, విగ్రహం ఎక్కడిది, పూజకు పత్రి ఎవరు తెచ్చారు? ఊరి సంస్కృతి అంటే మ్యూజియంలో ఉండేదే అనుకోకు. నీళ్లు నిలిచిన వీధిలో ఎవరు ఎవరింటికి ఉండ్రాళ్లు పంపారన్నది కూడా అదే.

షెఫీల్డ్ పట్టికలకు ఒక లోటుంది, అది మీ పట్టికలకు రాకూడదు. క్లెయిము పెట్టడం తెలిసినవాళ్లే అందులో ఉన్నారు. మీ జాబితాలోనూ సొంత ఇల్లున్నవాళ్లు సులువుగా వస్తారు. అద్దెకున్నవాళ్లు వరద తగ్గగానే ఇల్లు మారిపోయారు. పనుల కోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చి ఒకే గదిలో నలుగురైదుగురు సర్దుకున్న కుర్రాళ్లున్నారు. పాయకాపురంలో, వాంబే కాలనీలో, రాజరాజేశ్వరిపేటలో మొదట వాళ్ల కోసం వెతకండి. ఇంటివాళ్లు ఎక్కడికీ పోరు.

బలవంతం మాత్రం చేయొద్దు. మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో కాగితం తీయకుండా కూర్చుని రావడమే ఆ రోజు పని. మళ్లీ రమ్మంటే వెళ్లు. పేరు వేయొద్దంటే వేయకు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటామంటే ఆ కాగితం వాళ్ల చేతికే ఇచ్చేయి. ఈ షరతులు ముందే చెప్పి, ఒప్పుకున్నాకే రాయడం మొదలుపెట్టండి.

నీళ్లు తీశాక అయిపోయిందనుకోవద్దు. 2007 జూన్ 25న ఇదే యార్క్‌షైర్‌లో కుండపోత వాన పడింది. మా షెఫీల్డ్‌లో నదులు పొంగి ఇద్దరు పోయారు. ఆ రోజే తూర్పున హల్ నగరంలో వేల ఇళ్లు మునిగాయి. అక్కడ నది గట్టు తెగలేదు, మురుగు కాలవలు పట్టలేక ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కెమెరాలన్నీ ఇటువైపే ఉండిపోయాయి, తమను మరిచిపోయారని హల్ వాళ్లు బాధపడ్డారు. లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏం చేశారో తెలుసా? నలభై మందికి పైగా హల్ వాసులతో వారం వారం డైరీ రాయించారు, ఏడాది దాటేదాకా. ఆ డైరీల్లో వరద తక్కువ, తర్వాతి బతుకు ఎక్కువ: బీమా వాళ్ల ఫోన్లు, రాని మేస్త్రీలు, ఇల్లు ఎప్పటికి బాగవుతుందో తెలియని ఎదురుచూపు. మీరు కూడా ఒక పది కుటుంబాలను ఒప్పించండి. రాయడం రానివాళ్లకు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపడం వచ్చు.

నీటి మట్టం సంగతి ఇంతదాకా చెప్పనే లేదు. వూస్టర్ ఊళ్లో కెథీడ్రల్ పక్కన సెవర్న్ నది ఒడ్డున వాటర్‌గేట్ అనే పాత ద్వారం ఉంది. శతాబ్దాలుగా ఏ ఏడు నది ఎంత ఎత్తుకొచ్చిందో దాని గోడ మీద గీతలు గీసి ఏడాది చెక్కారు. మీ వీధిలో సంక్రాంతికి సున్నాలు వేయించి బురద గీతలు చాలావరకు చెరిపేసి ఉంటారు. మిగిలిన చోట, మెట్ల కింది గోడ మీదో వెనక సందులోనో, ఇంటివాళ్లనడిగి గీత వరకూ కొలిచి, తేదీ వేసి చిన్న రేకు బిగించండి. ఖర్చు తక్కువ, స్తూపం కన్నా ఎక్కువమంది చూస్తారు. కొత్తగా అద్దెకు దిగేవాడికి ఆ రేకే అన్నిటికన్నా ఉపయోగం.

ఎందుకు వచ్చిందన్నది కూడా రాయండి, కోపం లేకుండా, తేదీలతో. బుడమేరు 2005లోనూ ముంచింది. ఈసారి మళ్లింపు కాలవకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, ఆఖరి గండి పూడ్చడానికి సైన్యం రావాల్సివచ్చింది. ఏరు పారే దారిలో ఇళ్లు ఎప్పుడు లేచాయి, కాలవ వెడల్పు ఒకప్పుడెంత అని మీ వీధి పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. డేల్ డైక్ విచారణలో జ్యూరీ, ఇలాంటి కట్టడాలను ప్రభుత్వం తనిఖీ చేయాలని 1864లోనే చెప్పింది. జలాశయాల భద్రతకు చట్టం వచ్చింది 1930లో, అదీ 1925లో వేల్స్‌లోని డాల్గరాగ్‌లో మరో కట్ట తెగి 16 మంది పోయాక. అన్నేళ్లూ ఆ మాట కాగితం మీద ఉంది కాబట్టే ఇది ముందే చెప్పిన సంగతని తర్వాతివాళ్లు చూపించగలిగారు.

దాచడం గురించి. ఇక్కడ కెల్హమ్ ఐలండ్‌లో షెఫీల్డ్ పరిశ్రమల మ్యూజియం ఉంది. 1905 నాటి రివర్ డాన్ ఆవిరి యంత్రం దాని ప్రాణం. 2007లో వరద నేరుగా ఆ మ్యూజియంలోకే వచ్చింది. చాలాకాలం మూసి, యంత్రాన్ని బాగుచేసి మళ్లీ నడిపించారు. కనుక మీ పుస్తకాలు సింగ్‌నగర్‌లోనే ఒక ఇంటి బీరువాలో పెట్టొద్దు. ఒక ప్రతి రామమోహన గ్రంథాలయానికి ఇవ్వండి, బాపు మ్యూజియం వాళ్లనూ అడిగి చూడండి, ఒకటి ఊరి బయట ఉండాలి. కంప్యూటర్‌లో ఎక్కించినా సరే, కాగితం మీద అచ్చుతీసి ఉంచండి.

వరదలో తడిసిన మీ నాయనమ్మ ఆల్బం ఇంకా అలాగే అతుక్కుని ఉందని రాశావు. లాగొద్దు. ముందు ఉన్నదున్నట్టు పేజీ పేజీ ఫోన్‌తో ఫొటో తీయి. బూజు ఉంటే మూతికి మాస్కు కట్టుకో. స్టూడియోలో కడిగిన పాత నలుపు తెలుపు ఫొటోలు చల్లటి శుభ్రమైన నీళ్లలో కాసేపు నానితే తరచు వాటంతటవే విడతాయి. నీడన, బొమ్మ పైకి ఉండేట్టు ఆరబెట్టాలి. ఇంట్లో ప్రింటరు మీద తీసినవి నీళ్లలో వేస్తే రంగంతా పోతుంది. ఎంత చెప్పినా లామినేషన్ చేయించకు. ఆమె పెళ్లి ఫొటో ఉన్న పేజీ మాత్రం నువ్వు ముట్టుకోవద్దు, అది చేయి తిరిగినవాళ్లకే ఇవ్వాలి.

పట్టిక మీ నాయనమ్మతోనే మొదలుపెట్టు. బీరువా అడుగు అరలో ఏమేం ఉండేవో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు, నాకూ మీ నాన్నకూ కూడా. మొదటి పది ఇళ్లు పూర్తవగానే ఒక ప్రతి నాకు పంపు. మా ఇల్లు గుట్ట మీద, డాన్ నదికి అందనంత ఎత్తున ఉంది. ఆ ఊరి బయటి ప్రతి నా దగ్గర ఉంచుతాను. కాగితాలకూ జిరాక్సులకూ ఎంతవుతుందో కూడా రాయి, పంపిస్తాను.

మీ మేనత్త