వాటర్ సర్వీసింగ్ సెంటరు: బోరు నుంచి మోరీ దాకా

వాహనాలను ప్రెషర్ గన్‌తో కడిగే వాటర్ సర్వీసింగ్ సెంటరుకంటూ విడిగా ఒక చట్టం లేదు. స్థలం, లైసెన్సు పురపాలక చట్టం కిందికి వస్తాయి. మీటరు విద్యుత్ చట్టం కిందికి, బోరు వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కిందికి, బయటికి వదిలే నీళ్లు జల కాలుష్య చట్టం కిందికి వస్తాయి. కడగడానికి వదిలి వెళ్లిన బండికి 1872 నాటి కాంట్రాక్టు చట్టం వర్తిస్తుంది. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఈ వ్యాపారానికి గిరాకీ ఎక్కువ. సాగర్ రోడ్డు మీద తిరిగే కార్లు, టిప్పర్లు ఉన్నాయి, చుట్టుపక్కల ఊళ్ల ట్రాక్టర్లు ఉన్నాయి, ఇంజినీరింగ్ కాలేజీల బస్సులు ఉన్నాయి. ఒక బోరు, సంపు, ప్రెషర్ పంపు, ర్యాంపు, ఇద్దరు కుర్రాళ్లు ఉంటే పని మొదలవుతుంది. ట్రేడ్ లైసెన్సు చేతికొస్తే అనుమతులన్నీ వచ్చినట్టేనని చాలామంది యజమానులు అనుకుంటారు. నిజానికి చిక్కు ఎక్కువగా వచ్చేది రెండు చోట్ల: మీటరు దగ్గర, మోరీ దగ్గర. మిగతా విషయాల్లో చట్టం చాలావరకు చిన్న వ్యాపారి పక్షానే ఉంటుంది, చేతిలో కాగితం ఉంటే.

రోడ్డు పక్కన ఉన్నది పట్టా పొలమైతే ముందుగా దాన్ని వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవాలి. ఇందుకు 2006 నాటి వ్యవసాయ భూమి మార్పిడి చట్టం ఉంది. జనం నోట ఇది ‘నాలా’. దరఖాస్తు ఇప్పుడు భూభారతి పోర్టల్ ద్వారా వెళ్తుంది. చెరువుల దగ్గర ఇంకో షరతు కూడా ఉంది. పది హెక్టార్లు, అంతకు మించి విస్తీర్ణమున్న చెరువుకు పూర్తిస్థాయి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల మేర బఫర్ వదలాలని రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఆ కొలతకు ఎన్నో రెట్లు పెద్దది. దాని అంచున షెడ్డు వేయడానికి స్థలం చౌకగా దొరుకుతోందంటే ఎందుకు చౌకో ముందు కనుక్కోవాలి.

స్థలం కిరాయిదైతే, లీజు గడువు ఎంతైనా దాన్ని రిజిస్టర్ చేయించాలి.  నెలవారీ కిరాయిదారును ఖాళీ చేయించాలంటే, ఒప్పందంలో వేరే గడువు లేనప్పుడు, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చాక కూడా యజమాని తానే తాళం వేయడానికి వీల్లేదు, కోర్టుకు వెళ్లాల్సిందే. బలవంతంగా వెళ్లగొట్టబడిన కిరాయిదారు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ దావాలో స్థలం ఎవరిదన్న ప్రశ్న రాదు. చట్టప్రకారం ఖాళీ చేయించారా లేదా అన్నది మాత్రమే చూస్తారు.

ట్రేడ్ లైసెన్సును పట్టణంలో తెలంగాణ పురపాలక సంఘాల చట్టం–2019 కింద పురపాలక కమిషనర్ ఇస్తారు, గ్రామంలో పంచాయతీ ఇస్తుంది. పురపాలక ఫీజును షాపు విస్తీర్ణాన్ని, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి లెక్కకడతారు. దీన్ని ఏటా పునరుద్ధరించుకోవాలి. దీనితోపాటు, పని మొదలైన 30 రోజుల్లో దుకాణాలు, సంస్థల చట్టం–1988 కింద కార్మిక శాఖలో నమోదు చేసుకోవాలి. వ్యాపారం ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటనంతవరకు జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. నమోదు లేని సెంటరు బిల్లులో జీఎస్టీ కలిపి వసూలు చేయకూడదు.

ఇక మీటరు. ఇంటి మీటరు నుంచి వైరు లాగి ప్రెషర్ పంపు నడిపినా, పొలంలోని వ్యవసాయ బోరు ఉచిత కరెంటుతో బండ్లు కడిగినా చట్టం దృష్టిలో అది అనధికార వినియోగమే. ఏ అవసరానికి కనెక్షన్ ఇచ్చారో దానికే వాడాలి. విద్యుత్ చట్టం–2003లోని 126వ సెక్షన్ కింద తనిఖీ అధికారి లెక్కగట్టి, ఆ కేటగిరీకి వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వేస్తారు. ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు మాత్రమే పరిమితం చేయాలి. అంతకు మించి వేస్తే అభ్యంతరం చెప్పవచ్చు. ముందుగా ఇచ్చేది తాత్కాలిక ఉత్తర్వు. దానిపై అభ్యంతరాలు రాసిచ్చే హక్కు, తన వాదన వినిపించుకునే హక్కు వినియోగదారుకు ఉన్నాయి. తుది ఉత్తర్వు తాత్కాలిక ఉత్తర్వు అందిన 30 రోజుల్లోపు రావాలి. దాని మీద మరో 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు గానీ, లెక్కగట్టిన సొమ్ములో సగం ముందే జమ చేయాలి. సివిల్ కోర్టుకు వెళ్లే దారి లేదు. లైన్‌మన్ వచ్చి నోటితో చెప్పే మొత్తం ఉత్తర్వు కాదు. కాగితం చేతికి అందిన రోజు నుంచే గడువులు మొదలవుతాయి కాబట్టి ఆ తేదీని రాసిపెట్టుకోవాలి. దురుద్దేశంతో వేరే అవసరానికి వాడినట్టు తేలితే 135వ సెక్షన్ కింద అదే దొంగతనం కేసు కూడా అవుతుంది. ఇక్కడ యజమాని వాదనకు బలం తక్కువ. వాణిజ్య కనెక్షన్ తీసుకుని, దరఖాస్తులో సర్వీసింగ్ సెంటరు అని స్పష్టంగా రాయించడమే దీనికి మందు. బిల్లు బకాయి ఉన్నా సరే, 15 రోజుల రాతపూర్వక నోటీసు లేకుండా కరెంటు తీసేయకూడదని ఇదే చట్టంలోని 56వ సెక్షన్ చెబుతోంది.

బోరు వేయడానికి వాల్టా చట్టం–2002 వర్తిస్తుంది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. నిమిషానికి 10 లీటర్లు చిమ్మే గన్‌ను ఒక్క బండి మీద పది నిమిషాలు నొక్కి ఉంచితే 100 లీటర్లు పోతాయి. ఎండాకాలంలో పక్క ఇళ్ల బోర్లు ఎండినప్పుడు మొదటి ఫిర్యాదు సర్వీసింగ్ సెంటరు మీదే వస్తుంది. 2024 మార్చిలో నీటి కరువు వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, ఉల్లంఘనకు 5,000 రూపాయల జరిమానా పెట్టింది. అలాంటి ఉత్తర్వు ఎక్కడైనా రావచ్చు. కడిగిన నీటినే వడగట్టి మళ్లీ వాడుకునే ఏర్పాటున్న సెంటరు అప్పుడు కూడా నడుస్తుంది.

ర్యాంపు కింద బస్సు ఛాసిస్ మీద గన్ పట్టినప్పుడు కిందికి జారేది బురద ఒక్కటే కాదు. గ్రీజు, డీజిల్, ఇంజిన్ ఆయిల్, షాంపూ నురగ అన్నీ కలిసి నల్లటి మడ్డిగా దిగుతాయి. దాన్ని నేరుగా మోరీలోకో, వాగులోకో వదిలితే జల కాలుష్య నివారణ చట్టం–1974లోని 24వ సెక్షన్ అడ్డం వస్తుంది. ఈ చట్టంలో నీటి ప్రవాహానికి ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. పారుతున్న వాగే కాదు, ప్రస్తుతం ఎండిపోయి ఉన్న కాలువ, చెరువు, భూగర్భ జలం కూడా అందులోకి వస్తాయి. ‘వాగు ఎండిపోయింది కదా, ఎవరికి నష్టం’ అన్న వాదన అందుకే నిలవదు.

వ్యర్థజలం వదిలే సంస్థ 25వ సెక్షన్ కింద కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి తీసుకోవాలి. కేంద్ర మండలి 2016లో చేసిన వర్గీకరణలో ఆటోమొబైల్ సర్వీసింగ్, రిపేరు, పెయింటింగ్ కలిపి ఆరెంజ్ జాబితాలో ఉన్నాయి. జాబితాలు మారుతుంటాయి కాబట్టి, కడగడం మాత్రమే చేసే చిన్న యూనిట్ ఏ వర్గంలోకి వస్తుందో రాష్ట్ర మండలి ప్రాంతీయ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. ఇక్కడ యజమానికి పనికొచ్చే నియమం ఒకటుంది. దరఖాస్తు చేసిన నాలుగు నెలల్లోపు మండలి సమ్మతి ఇవ్వకుండా, తిరస్కరించకుండా ఉంటే, సమ్మతి ఇచ్చినట్టే లెక్క. అందుకే దరఖాస్తు అందినట్టు రశీదు తీసుకోవాలి. తిరస్కరిస్తే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ర్యాంపు నుంచి వచ్చే నీరు ముందు మట్టి దిగే గుంతలోకి, తరవాత నూనె పైకి తేలే గుంతలోకి వెళ్లేలా కట్టుకుంటే తనిఖీలో సగం ప్రశ్నలు రావు. తేలిన నూనెను, ఆయిల్ మార్చినప్పుడు తీసిన పాత ఆయిల్‌ను అధీకృత రీసైక్లర్‌కే అమ్మాలి.

ఇరుగుపొరుగుకు ఉన్న హక్కులను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. రోడ్డు మీదికి నీళ్లు, నురగ పారి జనానికి ఇబ్బందైతే వారు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ అన్నది శబ్ద పరిమితి. తెల్లవారకముందే కంప్రెసర్ ఆన్ చేసే సెంటరుకు ఇది తెలిసి ఉండాలి. నీటి కాలుష్యమైతే తెలంగాణ ఫిర్యాదులను చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచ్ వింటుంది.

వినియోగదారు తాళం చెవి ఇచ్చి వెళ్లగానే కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ మొదలవుతుంది. మామూలు జాగ్రత్తపరుడు తన సొంత బండిని ఎలా చూసుకుంటాడో అంత శ్రద్ధ సెంటరు యజమాని చూపాలి. ‘వస్తువులు పోతే మా బాధ్యత కాదు’ అని గోడ మీద రాసినంత మాత్రాన ఈ బాధ్యత పోదు. ఢిల్లీలో ఒక హోటల్ ఆవరణ నుంచి పోయిన కారు కేసులో 2019 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇదే దారిలో ఉంది. అప్పగించిన బండి విషయంలో తన నిర్లక్ష్యం వల్ల వచ్చిన నష్టాన్ని హోటల్ ‘బండి యజమానిదే పూచీ’ అన్న షరతుతో తోసిపుచ్చలేదని ఆ తీర్పు చెప్పింది. కాబట్టి గోడ మీది రాత కన్నా చిన్న రశీదు మేలు. బండి నంబరు, తీసుకున్న టైము, అప్పటికే ఉన్న గీతలు, డిక్కీలో ఉన్న వస్తువులు, అనుకున్న ధర అందులో రాసి ఇద్దరూ సంతకం చేస్తే చాలు. ఫోనులో బండి చుట్టూ తీసిన నిమిషం వీడియో ఇంకా గట్టి సాక్ష్యం.

వినియోగదారు డబ్బు ఇవ్వకుండా బండి తీసుకెళ్తానంటే సెంటరు యజమాని ఆపవచ్చు. పని చేసిన వస్తువును కూలి చెల్లించేదాకా తన దగ్గర ఉంచుకునే హక్కు అదే చట్టంలోని 170వ సెక్షన్ ఇస్తోంది. దీనికి రెండు హద్దులున్నాయి. ఈసారి చేసిన పనికి రావాల్సిన డబ్బుకే ఇది వర్తిస్తుంది, పాత బాకీకి కాదు. బండి ఒకసారి బయటికి వెళ్లిపోతే హక్కు కూడా పోతుంది. నెలాఖరు ఖాతా మీద బస్సులు కడిగించుకునే కాలేజీ విషయంలో ఈ సెక్షన్ దాదాపు పనికిరాదు.

అక్కడ పనికొచ్చేది చిన్న సంస్థల కోసం ఉన్న ఉద్యమ్ నమోదు. ఇది పూర్తిగా ఉచితం, ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. డబ్బు అడిగే మధ్యవర్తికి ఇవ్వాల్సిందేమీ లేదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి (ఎంఎస్ఎంఈడీ) చట్టం–2006 ప్రకారం సూక్ష్మ సంస్థకు రావాల్సిన సొమ్మును ఒప్పంద గడువులో, అదీ 45 రోజులకు మించకుండా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ నెలనెలా పడుతుంది. వివాదమైతే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. కానీ పని చేయడానికి ముందే నమోదై ఉండాలి, బాకీ పడ్డాక నమోదు చేసుకుంటే వాదన బలహీనమవుతుంది. జిల్లా పరిశ్రమల కేంద్రం ఈ విషయంలో మొదటి మెట్టు. రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ సముదాయం ఇదే మండలంలోని కొంగర కలాన్‌లో ఉంది కాబట్టి ఇబ్రహీంపట్నం వ్యాపారికి జిల్లా కార్యాలయాలు దూరం కావు.

కొన్న ప్రెషర్ మిషన్ నెలలోపే చెడిపోతే? వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారని అమ్మినవాళ్లు అంటారు. వినియోగదారుల రక్షణ చట్టం–2019 స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం కొన్నవారిని వినియోగదారులుగానే చూస్తుంది. పాత చట్టం కాలంలోనే, 1995లో, లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. మిషన్‌ను తానే నడుపుకుంటూ ఒకరిద్దరు సహాయకులను పెట్టుకున్నంత మాత్రాన ఆ వ్యక్తి వినియోగదారు కాకుండా పోడు అన్నది అందులోని మాట. రశీదు, వారంటీ కార్డు, మిషన్ పాడైన తేదీ ఆధారాలుగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సలహాకు 1915 నంబరు ఉంది.

ఇక పనివాళ్లు. 14 ఏళ్లు నిండని పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ‘మా వాడే, సెలవుల్లో వస్తున్నాడు’ అన్న మాటను మేనల్లుడి విషయంలో కూడా అధికారులు అంత తేలిగ్గా ఒప్పుకోరు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతన కోడ్ ప్రకారం పని మానేసినా, మానిపించినా రెండు పని దినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలి. అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలి. ఆరు నెలలు వరసగా పనిచేసిన వ్యక్తిని తీసేయాలంటే సరైన కారణంతో పాటు నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలని దుకాణాల చట్టం చెబుతోంది. తడి నేల మీద కరెంటు మోటార్లతో చేసే పని కాబట్టి షాకు కొట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. దగ్గరి నుంచి గన్ ధార తగిలితే చర్మం కోసుకుపోతుంది. పనిలో ప్రమాదం జరిగి మరణిస్తే నెల వేతనంలో 50 శాతాన్ని, శాశ్వతంగా పూర్తి అంగవైకల్యం కలిగితే 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించి పరిహారం కడతారు. ఇది యజమాని జేబులోంచే పోవాలి. బీమా తీసుకుంటే ప్రీమియంతో సరిపోతుంది. కూలి లెక్కల పుస్తకం లేని సెంటరులో వేతనం ఎంతన్నదే మొదటి తగాదా అవుతుంది.

వకీలు ఫీజు భరించలేనివారికి ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచిత సహాయం ఇస్తుంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేదు. ఫోన్ నంబరు 15100. కిరాయి, బాకీ, పరిహారం వంటి తగాదాలు లోక్ అదాలత్‌లో రాజీ పడితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు ఉండదు కాబట్టి, సంతకం పెట్టే ముందే మొత్తాన్ని, చెల్లించే తేదీని చదివి చూసుకోవాలి.