తెరచాప పడవలకు అవుట్‌బోర్డ్ మోటారు అమరిక: గమనించవలసిన అంశాలు

ఆంధ్రప్రదేశ్ తీరంలోని చిన్న పడవలు అనేకం రేవుల నుండి గాక ఇసుక ఒడ్డు నుండే కెరటాలను దాటి వేటకు వెళ్తాయి. తెరచాప, తెడ్లతో నడిచేందుకు నిర్మించిన ఇటువంటి పడవకు అవుట్‌బోర్డ్ మోటారును తగిలించేటప్పుడు యంత్రం ఎంపికతో పాటు అమర్చే తీరు కూడా అంతే ముఖ్యం. ఒడ్డు కెరటాల నడుమ ప్రొపెల్లర్ నీటి పట్టు కోల్పోతే పడవ అలకు అడ్డం తిరిగి బోల్తా పడే ప్రమాదం ఉన్నది.

మోటారు షాఫ్టు సాధారణంగా 38 సెం.మీ., 51 సెం.మీ. కొలతలలో లభిస్తుంది. ఈ కొలత మోటారును బిగించే పలక ఎత్తుకు సరిపోవాలి. ప్రొపెల్లర్ పైనున్న అడ్డు పళ్లెం పడవ అడుగు మట్టానికి 2 నుండి 5 సెం.మీ. దిగువన ఉండాలి. అంతకు పైన ఉన్నట్లయితే, అల వెనుక భాగాన్ని ఎత్తిన ప్రతిసారీ ప్రొపెల్లర్ గాలిని లాగుకొంటుంది. ఇంజను శబ్దం పెరుగుతుంది, తోపు మాత్రం తగ్గుతుంది. దీనిని యంత్రదోషంగా పొరబడి కార్బురేటరును విప్పించే ముందు పలక ఎత్తును కొలిచి చూడటం మేలు.

రెండు కొనలూ సన్నగా ఉండే నావలకు వెనుక చదునైన పలక ఉండదు. కావున మోటారును ప్రక్క అంచుపై అడ్డదూలానికి బిగించవలసి వస్తుంది. ఈ అమరిక చవకైనదే గాని, తెరచాప గాలికి నావ అవతలి ప్రక్కకు ఒరిగినప్పుడు ప్రొపెల్లర్ నీటి పైకి తేలుతుంది. మోటారు వైపుకే ఒరిగితే యంత్రం తల తడుస్తుంది. అందువలన మోటారు నడుపుతూ తెరచాపను పూర్తిగా విప్పి ఉంచటం ఇక్కడ క్షేమకరం కాదు. చుక్కాని ప్రొపెల్లర్‌కు తగలకుండా, తెరచాప తాళ్లు మోటారుకు చిక్కకుండా తగిన ఎడం విడవాలి.

శక్తి విషయంలో అత్యాశ తగదు. నీటి మట్టం వద్ద 7 మీటర్ల పొడవున్న పడవకు సహజ వేగపరిమితి గంటకు సుమారు 12 కి.మీ. అంతకు మించి శక్తిని పెంచితే వెనుక భాగం దిగబడి ఇంధనం వృథా అవుతుంది. తక్కువ పిచ్ గల ప్రొపెల్లర్ ఇటువంటి నెమ్మది పడవలకు అనుకూలం.

బిగింపు మరలు ఇంజను అదురుకు క్రమేణా వదులవుతాయి. కనుక పలక గుండా బోల్టులు వేసి, రంధ్రాలలోకి నీరు చేరకుండా మూసి, మోటారును వేరొక తాడుతో పడవకు కట్టి ఉంచాలి. ఒడ్డు చేరేటప్పుడు లోతు తగ్గుతుండగానే ఇంజనును ఆపి పైకి ఎత్తి గడియ వేసి, మిగిలిన దూరం తెడ్డుతో నడపాలి.