జ్వరానికి పేరు పెట్టే ముందు

అమ్మాయీ,

చాట్రాయిలో డాక్టరుగా పోస్టింగు వచ్చిందని రాశావు, సంతోషం. చుట్టూ మామిడి తోటలు, కాస్త దూరం పోతే తెలంగాణ సరిహద్దు. వానలు పడ్డాక చెట్ల కింద గడ్డి మోకాలెత్తు లేస్తుంది. ఆ గడ్డిలో కూర్చుని అన్నం తినేవాళ్లూ, మేకలు తోలేవాళ్లూ, కలుపు తీసేవాళ్లూ రేపు నీ ఓపీకి వస్తారు. అరుదైన జబ్బుల్ని పల్లెటూళ్లో ఎలా పట్టుకోవాలని అడిగావు. నన్నడిగితే, మన దగ్గర అరుదైనవిగా చెలామణీ అయ్యే అంటుజబ్బుల్లో కొన్ని అంత అరుదైనవేమీ కావు. ఎవరూ అడగలేదు, ఎవరూ వెతకలేదు, అందుకని రిజిస్టరులోకి ఎక్కలేదు, అంతే.

స్క్రబ్ టైఫస్ సంగతే తీసుకో. 2025 చివర్లో ఆ పేరు మన పేపర్లలో మారుమోగింది, కొత్త పురుగేదో దిగిందన్నట్టు జనం భయపడ్డారు. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో సైనికుల్ని పడగొట్టిన జబ్బే ఇది. నల్లి జాతి పురుగు పిల్లదశలో ఉన్నప్పుడు కుడుతుంది. కంటికి ఆనదు, నొప్పి తెలియదు. వారం పది రోజుల తర్వాత జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. కుట్టినచోట నల్లటి పెచ్చు కడుతుంది, సిగరెట్టుతో కాల్చినట్టు, చుట్టూ కొంచెం ఎర్రగా. అది దురద పెట్టదు, నొప్పి పుట్టదు, కాబట్టి రోగి దాని ఊసెత్తడు. ఉండేది చంకలోనో, గజ్జల్లోనో, మొలతాడు కిందో, రొమ్ము కిందో, చెవి వెనకో. చామనఛాయ ఒంటిమీద మసక వెలుతురులో చూస్తే ఏదో మచ్చలే అనిపిస్తుంది. అందరికీ పెచ్చు ఉండదు కూడా, కనుక లేనంతమాత్రాన జబ్బు లేదనుకోకు. కనబడితే మాత్రం ఏ ల్యాబు రిపోర్టూ అంత తొందరగా నీకు దారి చూపించదు.

మరి ఇన్నాళ్లూ ఈ జ్వరాలు ఏ పేరుతో పోయాయి? ఎక్కువగా టైఫాయిడ్ పేరుతో. మన పల్లెల్లో జ్వరం మూడో రోజుకి వైడాల్ పరీక్ష, సాయంత్రానికి ‘టైఫాయిడ్ పాజిటివ్’ చీటీ, రాత్రికి సెలైన్ బాటిల్. 1896 నాటి ఆ పరీక్ష వెతికేది క్రిమిని కాదు, యాంటీబాడీలను. పాత ఇన్ఫెక్షన్ వల్లా, టీకా వల్లా, వేరే జ్వరాల్లో సైతం అవి కనిపించవచ్చు. ఒక్కసారి చేసిన వైడాల్ మీద రోగనిర్ధారణ నిలబెట్టడం, నా మాట కటువుగా ఉంటే ఉండనీ, చిలక జోస్యం కంటే పెద్ద మెరుగు కాదు. టైఫాయిడ్ మన దగ్గర లేదనడం లేదు, బాగానే ఉంది. దాన్ని రుజువు చేసేది బ్లడ్ కల్చర్, అదీ యాంటీబయాటిక్ పడకముందు తీసిన రక్తం. స్క్రబ్ టైఫస్‌కు ఐజీఎం ఎలీసా పనికొస్తుంది, కాకపోతే మొదటి వారంలో నెగిటివ్ రావచ్చు. డెంగీకి మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1, ఆ తర్వాత ఐజీఎం. ఏ పరీక్ష రాయాలన్నా ముందు ‘జ్వరం ఎన్నో రోజు?’ అన్న ప్రశ్నకు జవాబు నీ చేతిలో ఉండాలి.

ఇక్కడ నువ్వు అడ్డు తగులుతావని తెలుసు. డాక్సీసైక్లిన్ చవక, సెఫ్ట్రియాక్సోన్ అన్నిచోట్లా దొరుకుతుంది, రెండూ కలిపి అందరికీ ఇస్తే పోలేదా, ఇంత అపరాధ పరిశోధన దేనికి అంటావు. సగం ఒప్పుకుంటాను. జ్వరం అయిదు రోజులు దాటి, మలేరియా నెగిటివ్ వచ్చి, ఇంకే ఆధారమూ దొరకనప్పుడు, తోటల్లో తిరిగే మనిషికి రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టడం సరైన పనే. గర్భిణులకు అజిత్రోమైసిన్. ముదిరిన కేసుల్లో డాక్సీ, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఇవ్వడం మేలని 2023లో వచ్చిన భారతీయ పరిశోధన తేల్చింది. కానీ సెఫ్ట్రియాక్సోన్ స్క్రబ్ మీద పనిచేయదు. ఆ క్రిమి కణం లోపల దాక్కుంటుంది. పేరు తెలియని దగ్గుజ్వరానికి లీవోఫ్లాక్సాసిన్ రాస్తే క్షయ నాలుగు రోజులు తగ్గినట్టు నటిస్తుంది, నిర్ధారణ వెనక్కి పోతుంది. డెంగీ రోగికి అలవాటుగా సెలైన్ ఎక్కిస్తూ పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అక్కడ చూడాల్సింది ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే కాదు. జ్వరం దిగే రోజుల్లో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, పెరుగుతున్న హెమటోక్రిట్ చూడాలి. రక్తస్రావం లేకుండా అంకె చూసి భయపడి ప్లేట్‌లెట్లు ఎక్కించడం ఎవరికీ మేలు చేయలేదు. డాక్సీ ఇచ్చాక 48 గంటల్లో జ్వరం మెత్తబడకపోతే, నీ అనుమానం తప్పేమో అని మళ్లీ మొదటినుంచి అడుగు.

నిజంగా అరుదైనవీ ఉన్నాయి. 2025 సెప్టెంబరులో గుంటూరు పక్కన తురకపాలెంలో వరుస మరణాల వార్తలతో పాటు మెలియాయిడోసిస్ అనుమానం వినిపించింది. 1911లో రంగూన్‌లో మొదట గుర్తించిన ఈ జబ్బు క్రిమి మట్టిలో, నీళ్లలో ఉంటుంది. షుగరు ఉన్నవాళ్లనూ, తాగుడు అలవాటైనవాళ్లనూ వానల్లో పట్టుకుంటుంది. నిమోనియాలా వస్తుంది, కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలు పెడుతుంది, క్షయను తలపిస్తుంది. కల్చర్‌లో పెరిగినా ల్యాబు వాళ్లు ‘సూడోమోనాస్’ అనుకుని పక్కన పడేసే ప్రమాదం ఉంది. షుగరున్న రైతుకు మామూలు మందులకు లొంగని జ్వరం వస్తే మెలియాయిడోసిస్ అనుమానమని ల్యాబుకు నువ్వే ముందు చెప్పాలి. మందు కూడా వేరు: కనీసం పది పద్నాలుగు రోజులు సెఫ్టాజిడైమ్ గానీ మెరోపెనెమ్ గానీ నరానికి, ఆపైన మూడు నెలలు కోట్రైమాక్సజోల్. దీనికి ఎదురు ఉదాహరణ నీ జిల్లా కేంద్రంలోనే ఉంది. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా మూర్ఛలతో, వాంతులతో పడిపోయారు; కోవిడ్ రోజులు కావడంతో వైరస్ అనుమానమూ వచ్చింది. తీరా రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది. ఊరంతా ఒకేసారి పడిపోయిందంటే అంటువ్యాధే అనుకోనక్కర్లేదు. నీళ్లూ, తిండీ, పురుగుమందూ అడగాలి.

పొద్దున్నుంచి గుమ్మం దాకా క్యూ ఉంటే ఇవన్నీ ఎప్పుడు అడగను అంటావు. నిజమే, అందరినీ అడగలేవు, అడగనక్కర్లేదు కూడా. అయిదు రోజులు దాటిన జ్వరాలను విడిగా కూర్చోబెట్టు. ఏ పని చేస్తారు, ఎక్కడ పడుకుంటారు, ఈ మధ్య ఏ ఊరు వెళ్లొచ్చారు, ఇంట్లో ఇంకెవరికి, ఇప్పటికే ఏ సూదులు పడ్డాయి, ఈ అయిదూ నర్సమ్మ చీటీ మీద రాసి ఉంచగలదు. ఆడవాళ్ల ఒళ్లు చూడాలంటే పరదా, పక్కన ఏఎన్ఎం, ఎందుకు చూస్తున్నావో రెండు ముక్కలు చెప్పడం; మన వాళ్లు కారణం చెబితే కాదనరు. ఆయాసం వచ్చినా, మాట తడబడినా, మూత్రం తగ్గినా 108 పిలిచి నూజివీడుకో ఏలూరుకో పంపించు. రిఫరల్ కాగితం మీద ‘ఫీవర్, ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్’ అని రాయకు. జ్వరం ఎన్నో రోజు, పెచ్చు ఉందో లేదో, ఏ మందు ఏ పూట పడింది, నీ అనుమానం ఏమిటి, అవి రాయి. తర్వాత ఫోను చేసి ఏం తేలిందో కనుక్కుని నీ రిజిస్టరులో ఆ పేరు పక్కన ఎక్కించు.

ఇట్లు,
మీ పెదనాన్న