బోరింగు ఎన్నిసార్లు వచ్చింది?

ఒక ఊరు అనుకోండి. వంద గడపల ఊరు. వానలు పడ్డాయి. వారం తిరిగేసరికి ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పది రోజుల్లో 24 ఇళ్లలో మనుషులు మంచం పట్టారు.

ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగింది. జబ్బుపడ్డవాళ్లకు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఇచ్చింది. ఒక పొట్లం మొత్తం లీటరు నీళ్లలో కలపాలని, ఆ నీళ్లు కాచి చల్లార్చినవి కావాలని చెప్పింది. లెక్క తేలేదాకా జబ్బు ఆగదు కదా! ఆ పని ముందు చేసి, తర్వాత పుస్తకం తీసింది. ప్రతి ఇంటికీ మూడు సంగతులు రాసుకుంది. ఇంటి యజమాని పేరు. ఎందరికి జబ్బు. తాగే నీళ్లు ఎక్కడివి.

ఆ రాత్రి పొదుపు సంఘం మీటింగు జరిగింది. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు.

"కుళాయి నీళ్లే కొంప ముంచాయి" అంది ఒకామె.

"కాదు వదినా, సంతలో తిన్న బజ్జీలు" అంది ఇంకొకామె.

సంఘం లెక్కలు రాసే అమ్మాయి అడ్డుపడింది. "నోటిమాటలు ఎందుకు పిన్నీ? పుస్తకంలో ఉంది కదా. ఏ నీళ్ల పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూద్దాం" అంది.

మర్నాడు ఆ అమ్మాయి పుస్తకంలో ఉన్నదంతా కంప్యూటర్లో ఎక్కించింది. కంప్యూటర్లో ఎక్సెల్ అని ఒకటి ఉంటుంది. చూడడానికి గళ్ల పుస్తకంలా ఉంటుంది. నిలువు వరసలకు ఏ, బి, సి అని ఇంగ్లీషు అక్షరాలు. అడ్డ వరసలకు 1, 2, 3 అని అంకెలు. సి వరసలో తాగే నీళ్ల పేర్లు ఉన్నాయి. పై గడిలో శీర్షిక. కింద 2 నుంచి 25 దాకా 24 ఇళ్లు.

ఖాళీ గడిలో ఆమె సమానం గుర్తు పెట్టింది. కౌంట్ఇఫ్ అని రాసింది. బ్రాకెట్లో సి2 నుంచి సి25 దాకా అని చెప్పి, కామా పెట్టి, కొటేషన్ గుర్తుల మధ్య కుళాయి అని రాసింది. అంటే, "ఈ గడుల్లో కుళాయి అనే మాట ఎన్నిసార్లు ఉంది?" అని అడిగినట్టు. రెప్పపాటులో జవాబు వచ్చింది. 9.

బోరింగు అని రాసి అడిగింది. 7. బావి అంటే 2.

"చూశారా! కుళాయే ఎక్కువ. పంచాయతీకి చెప్పి కుళాయిలు కట్టేయిద్దాం" అన్నారు అందరూ.

ఒకామె మాత్రం కదల్లేదు. ఆమె చదువు నేర్చుకుని ఏడాదయింది. ఇంకా వేలు పెట్టి కూడబలుక్కునే చదువుతుంది. ఆ వేలితోనే తెర మీద సి వరస పొడుగునా చదువుకుంటూ వచ్చింది.

"అమ్మాయ్, తొమ్మిది, ఏడు, రెండు కలిపితే పద్దెనిమిదే కదా. ఇళ్లు ఇరవై నాలుగు. మిగతా ఆరు ఏవీ?" అంది.

అప్పుడు అందరూ తెర మీదికి వంగారు. కొన్ని గడుల్లో బోరింగు అని ఉంది. కొన్నిటిలో బోరింగ్ అని ఉంది. రెండు గడుల్లో చేతిపంపు అని ఉంది. ఎవరు ఏ మాట చెబితే ఆశా కార్యకర్త ఆ మాటే రాసుకుంది. ఊళ్లో ఉన్నది ఒక్కటే బోరింగు! ఆ సంగతి ఊరికి తెలుసు, కంప్యూటరుకు తెలియదు. అది అక్షరాలు పోల్చి చూస్తుంది, అంతే. ఒక కొమ్ము తేడా వచ్చినా దానికి అది వేరే మాట. మాట చివర కంటికి కనిపించని ఖాళీ ఉన్నా వేరే మాటే.

ఈసారి కాగితం మీద గీతలు గీశారు. పాల లెక్కకు గోడ మీద గీసినట్టే. నాలుగు నిలువు గీతలు, అయిదోది వాటి మీదుగా అడ్డంగా. అది అయిదు గీతల కట్ట. బోరింగు 7, బోరింగ్ 4, చేతిపంపు 2. రెండు కట్టలు, పైన మూడు గీతలు. మొత్తం 13. కంప్యూటర్లో కూడా అన్నిటినీ బోరింగు అని ఒకే తీరుగా దిద్ది మళ్లీ అడిగారు. అదీ 13 అంది.

ఇంకో చిక్కు ఉంది. ఆ ఊళ్లో కుళాయి నీళ్లు తాగేవి 60 ఇళ్లు. బోరింగు నీళ్లు తాగేవి 26. బావి నీళ్లు తాగేవి 14. కుళాయి వాళ్లలో 60 ఇళ్లకు 9 ఇళ్లలో జబ్బు. అంటే సుమారు ఏడిళ్లలో ఒకటి. బావి వాళ్లలో 14కు 2. అదీ ఏడిళ్లలో ఒకటే. బోరింగు వాళ్లలో 26కు 13. రెండిళ్లలో ఒకటి! ఎన్నిసార్లు వచ్చిందో తెలిస్తే సగం పనే అయింది. ఎన్నిటిలో వచ్చిందో కూడా తెలియాలి. జబ్బు రాని ఇళ్లు కూడా లెక్కలోకి రావాలి.

బోరింగుకు ఎర్ర గుడ్డ కట్టారు. నీళ్లు పరీక్షకు పంపారు. లెక్క అనుమానం ఎక్కడో చూపిస్తుంది. నిజం తేల్చేది పరీక్ష.

ఇలాంటి లెక్కే 1854లో లండన్ నగరంలో జాన్ స్నో అనే డాక్టరు వేశాడు. అప్పుడు కంప్యూటర్లు లేవు. సోహో అనే పేటలో కలరా వచ్చి జనం చచ్చిపోతున్నారు. చెడు గాలి వల్ల కలరా వస్తుందని పెద్ద డాక్టర్లు కూడా నమ్మే రోజులవి. స్నో ఇల్లిల్లూ తిరిగి, చనిపోయినవాళ్లు ఏ నీళ్లు తాగారని అడిగాడు. బ్రాడ్ వీధి పంపు దాపున చనిపోయిన 73 మందిలో 61 మంది ఆ పంపు నీళ్లు తాగినవాళ్లే. ఆరుగురు తాగలేదు. మరో ఆరుగురి సంగతి తెలియలేదు. తెలియనివాటిని కూడా ఆయన దాచకుండా రాశాడు.

జబ్బు రాని చోట్లు కూడా చూశాడు. దగ్గరే దిక్కులేని పేదలను ఉంచే ఒక ఆశ్రమం ఉంది. అందులో 535 మంది ఉంటే కలరాతో పోయింది అయిదుగురే. వాళ్లకు సొంత బావి ఉంది. పక్కనే బీరు కాచే కార్ఖానా ఉంది. అందులో 70 మందికి పైగా పనివాళ్లు. ఒక్కరూ కలరాతో పోలేదు. వాళ్లు వీధి పంపు నీళ్లు తాగేవాళ్లు కారు. సెప్టెంబరు 8న అధికారులు ఆ పంపు పిడి ఊడదీయించారు. అప్పటికే జబ్బు కొంత తగ్గుముఖం పట్టింది. పక్క ఇంటి మురుగు గుంట నుంచి ఆ బావిలోకి ఊట దిగుతోందని తర్వాత తేలింది.

చేసి చూడండి

మీ సంఘం అప్పుల పుస్తకం తీయండి. ఈ ఏడాది ఎవరెవరు దేనికోసం అప్పు తీసుకున్నారో చదవండి. ఒక్కో కారణానికి గీతలు గీయండి. అయిదేసి గీతల కట్టలు కట్టండి. మొత్తం కూడితే అప్పుల సంఖ్యకు సరిపోయిందా? వైద్యం, ఆసుపత్రి, మందులు అని మూడు మాటలు కనిపిస్తే వాటిని ఒక్కటిగా లెక్కపెడతారా, వేరువేరుగానా? గీతలు గీయకముందే అందరూ కూర్చుని తేల్చుకోండి.