కోటిలింగాల గట్టున పిల్లలతో ఒక ఉదయము

జగిత్యాల జిల్లా వెల్గటూర్ మండలములోని కోటిలింగాల అనగనే శాతవాహనుల నాణెములు జ్ఞప్తికి వచ్చును. పెద్దవాగు గోదావరిలో కలియు ఆ తావు చెట్లకును, పిట్టలకును కూడ నిలయమే. పుష్య మాసపు చలిలో, పొద్దు పొడిచిన పిదప రెండు గంటలు అక్కడ నడచుటకు పంచాయతీ సభ్యులు ఇంటివారిని, బడిపిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరవలెనని మా సూచన. ఎల్లంపల్లి జలాశయపు నీరు నిలుచు చోట్ల గట్టు మెత్తబడి యుండును గనుక పిల్లలను నీటి అంచునకు పోనీయరాదు. రేగుపండ్లు ఏరుకొననిండు, అది లేనిదే వారు రారు!

మొదట జమ్మిని గుర్తింపవలెను. దసరానాడు దాని ఆకును బంగారమని పంచుకొను మనము తక్కిన దినములలో దానిని పోల్చుకొనలేకుండుట వింత. అమెరికా ఖండము నుండి వచ్చిన సర్కారు తుమ్మ దీనికి దాయాది. సర్కారు తుమ్మకు ఆకు పుట్టు కనుపుల వద్ద, తరచు జంటలుగా, ముండ్లుండును. జమ్మికి కనుపుల నడుమ కూడ కొమ్మ పొడుగున చిన్న ముండ్లు చెదరి యుండును. ఈ భేదము తెలియనిచో కంప కొట్టించు పనిలో రెండును ఒకే గొడ్డలికి గురియగును. 2014లో రాష్ట్ర వృక్షముగా ప్రకటింపబడినది జమ్మియే. కూలీలను పంపుటకు ముందే జమ్మి మొదళ్లకు సున్నపు పట్టె వేయించుట మంచిది.

ఆ యేటనే రాష్ట్ర పక్షియైన పాలపిట్ట కరెంటు తీగపై కూర్చున్నంతసేపు మట్టిరంగున నుండి, ఎగిరిన తోడనే రెక్కలలో నీలము మెరయును. మిడుతలను, పురుగులను తిని రైతునకు మేలు చేయును. ఇది ఎండిన తాటిమోడుల తొఱ్ఱలలో వేసవిని గ్రుడ్లు పెట్టును. వట్టి మోడు గదా యని నరికించినచో దాని ఇల్లు పోయినట్లే. దసరాకు దీనిని పట్టి పంజరమున చూపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము.

నీటి ఒడ్డున తోక ఆడించుచు పరుగిడు సన్నని పిట్టలలో పెక్కు హిమాలయముల నుండియు, ఆవలి దేశముల నుండియు చలికాలమునకు వచ్చిన అతిథులు.

2002 నాటి జీవవైవిధ్య చట్టము క్రింద ప్రతి స్థానిక సంస్థయు ఒక కమిటీ నేర్పరచి, ఊరి చెట్లను, ప్రాణులను, వాని ఉపయోగములను తెలుపు ప్రజా రిజిస్టరు వ్రాయింపవలసి యున్నది. దీనిని కార్యాలయమున కూర్చుండి నింపుట మాకు సమ్మతము కాదు. మేకల కాపరిని ఒకరిని నడకకు తోడు పిలువుడు. ఆయన చెప్పిన పేర్లను ఆయన మాటలోనే ఒక పిల్లవాడు వ్రాసికొనవచ్చును. జమ్మి ఏ గట్టున నున్నదో, తొఱ్ఱ గల తాటిమోడు ఎవరి చేను ప్రక్కన నున్నదో కూడ అందు చేర్చి, వచ్చు గ్రామసభలో చదివి వినిపింపవలెను.